ఉచితాలు సరే, జీతం మాటేమిటి?

రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, 200 యూనిట్లలోపు వాడితే సున్నా కరెంటు బిల్లు, ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. తెలంగాణలో రెక్కల కష్టం మీద బతికే కుటుంబాలకు 2023 డిసెంబరు నుంచి దక్కిన ఊరట చిన్నదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితంగా స్త్రీశక్తి బస్సులు తిరుగుతున్నాయి, అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకే పూట గడుస్తోంది. వీటిని సోమరిపోతుల పథకాలని ఈసడించుకునే వారితో ఈ పత్రిక ఏకీభవించదు. నాలుగిళ్లలో అంట్లు తోమడానికి రోజూ రెండు బస్సులు మారే మనిషికి మిగిలే ఛార్జీ విలువ కార్లలో తిరిగేవాళ్లకు తెలిసేది కాదు.

మరి ఇన్ని ఉన్నా ఇరవయ్యో తారీఖు దాటితే చేబదుళ్లు ఎందుకు తప్పడం లేదు? హైదరాబాద్‌లో భర్త సెక్యూరిటీ గార్డుగా, భార్య ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఏ ఇంటి లెక్క చూసినా సంగతి తెలిసిపోతుంది. బియ్యం ఖర్చు తగ్గింది. గది అద్దె తగ్గలేదు, పిల్లల ఫీజు తగ్గలేదు, పాలు, నూనె, మందులు తగ్గలేదు. ఆమె బస్సు ఖర్చు పోయింది కానీ, 2025 అక్టోబరులో సిటీ బస్సు ఛార్జీలు పెంచడంతో అతని ఖర్చు పెరిగింది. ఇక అతని జీతమంటారా, పన్నెండు గంటల డ్యూటీకి ఏజెన్సీ తన వాటా తీసుకున్నాక చేతికి ఎంతిస్తే అంతే. జ్వరమొచ్చి ఒక రోజు మానేస్తే ఆ రోజు కోత. ఖర్చు తగ్గించే పథకాలు వచ్చాయి, రాబడి పెంచాల్సిన జీవో రాలేదు.

నిజానికి జీవోలు వచ్చాయి. 2021 జూన్‌లో అప్పటి ప్రభుత్వం సెక్యూరిటీ సర్వీసులు, నిర్మాణం సహా ఐదు రంగాల్లో కనీస వేతనాలు సవరిస్తూ ఉత్తర్వులిచ్చింది. గెజిట్‌లో అచ్చువేస్తేనే అవి అమల్లోకి వస్తాయి. ఆ అచ్చు పనే ఆపేశారు. కార్మిక సంఘాలు హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ప్రభుత్వ ముద్రణాలయం చంచల్‌గూడలోనే ఉంది, సచివాలయం నుంచి పెద్ద దూరమేమీ కాదు. ఐదేళ్లకు మించకుండా కనీస వేతనాలు సవరించాలని 1948 నాటి చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే అంటోంది. ఆరు నెలలకోసారి ధరల సూచీని బట్టి కరువు భత్యం కలుపుతున్నాం కదా అని అధికారులు అంటారు. మూల వేతనమే పాతదైతే దాని మీద ఎంత భత్యం కలిపినా ఏం లాభం?

ఎందుకు ఆగుతోందో అందరికీ తెలుసు. కనీస వేతనం పెరిగితే కాంట్రాక్టర్ల కన్నా ముందు ప్రభుత్వానికే బిల్లు పెరుగుతుంది. మున్సిపాలిటీల్లో చెత్త ఎత్తేవాళ్లు, సర్కారు దవాఖానాల్లో పేషెంట్ కేర్ సిబ్బంది, ఆఫీసుల్లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు, అందరి జీతాలూ దానితో ముడిపడి ఉన్నాయి. ఇక పరిశ్రమలు పక్క రాష్ట్రాలకు తరలిపోతాయన్న వాదన ఉండనే ఉంది. కొన్ని ఫ్యాక్టరీల విషయంలో అది నిజం కావచ్చు. కానీ మియాపూర్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చునే గార్డు ఉద్యోగాన్ని ఎవరూ నాగ్‌పూర్‌కు పట్టుకుపోలేరు.

జీతం తర్వాత ఈ ఇళ్లను కుంగదీసేది బడి ఫీజు. మే నెల వచ్చిందంటే చాలు, తల్లిదండ్రులకు టెన్షన్ మొదలు. ఫీజుతో పాటు పుస్తకాలు, యూనిఫాం, బూట్లు కూడా బడిలోనే కొనాలి. పుస్తెలతాడు గోల్డ్ లోన్‌కు వెళ్లేది ఆ రోజుల్లోనే. ఫీజుల నియంత్రణ కోసం 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు, ఆ తర్వాత మంత్రివర్గ ఉపసంఘం వేశారు, ఆపైన విద్యా కమిషన్ ముసాయిదా తయారుచేసింది. కమిటీలు మారుతున్నంతకాలం ఫీజులు మాత్రం ఏటా ఠంచనుగా పెరుగుతూనే వచ్చాయి. తమిళనాడు 2009లోనే ఫీజుల నియంత్రణకు చట్టం చేసింది. అది లోపాలు లేని చట్టమేమీ కాదు, అయినా తండ్రి వెళ్లి ఫిర్యాదు చేసుకునే ఒక చోటంటూ ఉంది. సర్కారు బడిని బాగుచేస్తే ఈ బాధే ఉండదనేది నిజమే. అయితే అది బాగుపడేదాకా ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరే పిల్ల ఆగదు.

సున్నా కరెంటు బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకం విషయంలో ఒక చిన్న సవరణ చాలు, ఎందరికో మేలు జరుగుతుంది. ఒకే మీటరు మీద నాలుగు వాటాలున్న ఇళ్లలో అద్దెకుండేవాళ్లకు సున్నా బిల్లు రాదు. ఓనరు సబ్‌మీటరు చూసి యూనిట్‌కు ఇంతని చెబితే అంత కట్టాల్సిందే. పథకం ఎవరి కోసం పెట్టారో వాళ్లే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) రేటు కన్నా ఎక్కువకు కరెంటు కొంటున్నారు. అద్దె వాటాకు విడి మీటరు అడిగితే వారంలో బిగించేలా డిస్కంలకు ఆదేశాలిస్తే సరిపోతుంది.

ఇక ఎవరి మేనిఫెస్టోలోనూ పెద్దగా కనిపించనిది పిల్లల్ని చూసుకునే చోటు. అంగన్‌వాడీ మధ్యాహ్నం దాకానో, నాలుగింటి దాకానో. ఆసుపత్రిలో మొదటి షిఫ్టు పొద్దున్నే మొదలవుతుంది. ఊళ్లో ఉన్న అమ్మమ్మను రప్పించగలిగిన ఆమె పనికి వెళ్తుంది, లేనామె మానేస్తుంది. ఆ ఇంటికి వేణ్నీళ్లకు చన్నీళ్లలా తోడయ్యే రెండో జీతం అక్కడే ఆగిపోతుంది, ఉచిత బస్సు ఎక్కే అవసరమే ఉండదు. భవన నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలవుతూ నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు చేరుతోంది. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే నిర్మాణ స్థలాల్లో పిల్లల గది ఉండాలని 1996లోనే చట్టంలో రాశారు. కోకాపేట, నార్సింగి టవర్ల దగ్గర అలాంటి గదులు ఎన్ని ఉన్నాయో కార్మిక శాఖ లెక్క తీసి బయటపెట్టాలి. లేనిచోట్ల బిల్డరు చేత కట్టించాలి. కూలీల పేటల్లో సెస్సు డబ్బుతో రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండే శిశు కేంద్రాలు నడపాలి. వచ్చే బడ్జెట్ దాకా ఆగాల్సిన పనులు కావివి.