సవరణ: న్యూయార్క్ ఫ్రీస్టైల్ డాన్స్ సంగీతం వినిపించింది ఏ రేడియో స్టేషన్‌లో?

మొన్నటి పోస్టులో "80ల చివర్లో న్యూయార్క్‌లో ఫ్రీస్టైల్ అంతా 92.3 ఎఫ్‌ఎం డబ్ల్యూకేటీయూలోనే వచ్చేది" అని ఉంది, ఆ వాక్యం కొట్టేయండి. డిస్కోతో 1978లో ఊరిని ఊపేసింది ఆ స్టేషనే, కాదనను, కానీ 1985లోనే అది పేరు మార్చుకుని రాక్ వైపు వెళ్లిపోయింది, అంటే ఫ్రీస్టైల్ తొలి అడుగులే చూసింది.

అసలు జోరు 1986లో 103.5 ఎఫ్‌ఎం మీద మొదలైన హాట్ 103 స్టేషన్‌ది. డ్రమ్ మెషీన్ దడదడలు, సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) గంటల మోతలు, పైన ప్రేమలో దెబ్బతిన్న గొంతు, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతపు లాటినో (లాటిన్ అమెరికా మూలాల) కుర్రకారు క్లబ్బుల్లో పెరిగిన ఆ పాటలకి రోజంతా చోటిచ్చింది అదే.

ఇక తికమక ఎక్కడంటే, 1988లో హాట్ 103 కాస్తా 97.1కి మారి హాట్ 97 అయింది (అవును, తర్వాత హిప్‌హాప్‌కి అడ్డాగా మారిన హాట్ 97 ఇదే, నమ్మబుద్ధి కాదు గానీ), 1996లో డబ్ల్యూకేటీయూ పేరు తిరిగొచ్చి సరిగ్గా అదే 103.5లో డాన్స్ పాటలతో కూర్చుంది. పాత శ్రోతలు డబ్ల్యూకేటీయూని, హాట్ 103ని కలిపేసి చెప్పేది అందుకే. పోస్టులో ఆ పేరా మార్చాను, పాటల జాబితా అలాగే ఉంది.