ముందు బండి అడుగు చూడండి, గన్ తర్వాత

ఆర్మర్డ్ బండి, అంటే ఉక్కు కవచం తొడిగిన సైనిక బండి, ఫోటో కనపడితే చాలు అందరూ గన్ ఎంతది, ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్ అనే మాట్లాడతారు. దాని అడుగు భాగం ఎలా ఉంది అని అడిగినవాళ్లని నేనింతవరకూ చూళ్లేదు. కింద మైన్ (నేలలో పాతిన మందుపాతర) పేలినప్పుడు లోపలున్నవాడు బతుకుతాడా లేదా అన్నది తేలేది అక్కడే కదా.

హమ్వీనే తీసుకోండి. అమెరికా సైన్యం జీపుల బదులు వాడుకోడానికి ఏఎం జనరల్ కంపెనీ 1980ల్లో చేసిన బండి, గుట్టలెక్కుతుంది, బురదలో పోతుంది, దాని పనికి అది మంచి బండే. కానీ అడుగు బల్లపరుపు, పైగా నేలకి దగ్గర. కింద పేలితే ఆ దెబ్బకి పక్కకి పోయే దారి లేదు, నేరుగా ఫ్లోర్‌కి, అక్కణ్ణుంచి కాళ్లకీ వెన్నుపూసకీ. ఇరాక్‌లో రోడ్డు బాంబులు మొదలయ్యాక సైనికులు చెత్తకుప్పల్లో ఇనప ముక్కలు ఏరుకొచ్చి తలుపులకి బిగించుకున్నారు. 2004 డిసెంబర్‌లో కువైట్‌లో ఒక సైనికుడు లేచి, మాకీ ఖర్మేంటని అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్‌ని మొహం మీదే అడిగేశాడు. పోనీ తలుపుకి రేకు కొట్టుకున్నారు, పక్కనుంచి వచ్చేది కొంత ఆగుతుందేమో, మరి కిందనుంచి వచ్చేదో?

నాకు ఒళ్లు మండేది ఎందుకంటే, దానికి జవాబు అప్పటికే దాదాపు 30 ఏళ్ల పాతది. 1970ల్లో రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే), తర్వాత దక్షిణాఫ్రికాలో, మట్టిరోడ్ల మీద మైన్లకి బండ్లకి బండ్లు లేచిపోతుంటే అడుగుని పడవలాగా వీ ఆకారంలో వంచి నేలకి ఎత్తుగా పెట్టారు. పేలుడు ఆ వాలుకి తగిలి రెండు పక్కలకీ చీలిపోతుంది, చక్రం ఊడుతుంది, యాక్సిల్ విరుగుతుంది, అవి మళ్లీ వేసుకోవచ్చు, మనుషులున్న డబ్బా మాత్రం నిలబడుతుంది. కాస్పిర్ అలా వచ్చిన బండే. ఆ కాస్పిర్‌నే వర్ణవివక్ష ప్రభుత్వం టౌన్‌షిప్పుల్లో, అంటే నల్లజాతి వాళ్లని విడిగా ఉంచిన పేటల్లో, ఆ జనం మీదకి తోలింది, ఆ సంగతి వదిలేసి ఒక్క ఇంజనీరింగ్‌నే పొగడ్డం నాకు చేతకాదు.

కాస్పిర్ వెనకున్న శాస్త్రవేత్త వెర్నన్ జాయింట్ తర్వాత అమెరికాలో, సౌత్ కరోలినాలోని లాడ్సన్‌లో ఫోర్స్ ప్రొటెక్షన్ అనే కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ అంతకుముందు జెట్ బోట్లు చేసుకునేది! వాళ్లు అదే వీ అడుగుతో కూగర్, బఫెలో అని రెండు బండ్లు తీశారు. అంటే బండి ఉంది, చేసేవాడున్నాడు. 2005 ఫిబ్రవరిలో ఇరాక్‌లోని అన్బార్ రాష్ట్రం నుంచి మెరైన్లు (అమెరికా సైన్యంలో ఒక విభాగం) ఇలాంటివి 1,169 అర్జెంటుగా కావాలని రాసి పంపారు. ఆ కాగితం ఆఫీసుల్లోనే నానింది. యుద్ధం ఎలాగూ అయిపోతుంది, ఇంత బరువు బండ్లు తర్వాత ఏం చేసుకుంటాం, రేపటి కొత్త మోడల్ డబ్బు దీనికెందుకు, ఇదీ వరస. రెండేళ్లండీ. 2007 మేలో, రమ్స్‌ఫెల్డ్ తర్వాత వచ్చిన రక్షణ మంత్రి గేట్స్ ఇదే అన్నిటికన్నా ముందు అన్నాకే ఫైలు కదిలింది. ఆయనకైనా ఎలా తెలిసింది? అన్బార్‌లో ఈ బండ్ల మీద 300కి పైగా దాడులు జరిగితే ఒక్క మెరైన్ కూడా చనిపోలేదని పేపర్లో చదివి. మంత్రికి తన సైన్యం సంగతి పేపర్ చెప్పాలా?

ఆ తర్వాత నేవిస్టార్, బీఏఈ, ఓష్కోష్ లాంటి కంపెనీలన్నీ దిగాయి, 20 వేలకి పైగా బండ్లు వచ్చాయి. ఫ్యాక్టరీలకి చేతకాక ఆగలేదు, అడగాల్సినవాళ్లు అడగలేదు.

ఇవి లోపంలేని బండ్లని నేననను. ఎత్తెక్కువ, బరువెక్కువ, కాలవ గట్టు విరిగితే బోల్తా పడతాయి, ఆఫ్ఘనిస్తాన్ కొండదారుల్లో పెద్దవి తిరగలేకపోతే 2009లో ఓష్కోష్‌తో చిన్నవి చేయించుకోవాల్సొచ్చింది. కానీ లోపల సీట్లు ఒక్కసారి చూడండి, చాలా బండ్లలో ఫ్లోర్‌కి బిగించరు, పైనుంచో గోడ నుంచో వేలాడదీస్తారు, కింద ఫ్లోర్ ఎగిరినా ఆ దెబ్బ వెన్నుకి తగలకుండా. ఆ సీటు గీసినవాడు అందులో కూర్చునే మనిషిని తలుచుకుని గీశాడు.

ఫోర్స్ ప్రొటెక్షన్‌ని 2011లో జనరల్ డైనమిక్స్ కొనేసింది, ఇప్పుడా పేరు చాలామందికి గుర్తుకూడా లేదు. 2015లో చాలా హమ్వీల స్థానంలోకి ఓష్కోష్ చేసే జేఎల్‌టీవీ అనే కొత్త బండిని ఎంచుకున్నారు, అందులో మాత్రం కిందనుంచి వచ్చే పేలుడుని ఆపడం మొదట్నుంచీ సైన్యం అడిగిన షరతుల్లోనే ఉంది. అదే షరతు 2005లో ఆ 1,169 బండ్లు అడిగిన రోజున ఒప్పుకుని ఉండాల్సింది.