రెండు జాడీలు

(గుంటూరు, బ్రాడీపేట నాలుగో లైను. రోహిణీ కార్తె, ఆదివారం మధ్యాహ్నం. రామ్మోహనరావు గోంగూర ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడేమంటాడో పక్కింటివాళ్ళకి కూడా తెలుసు.)

రామ్మోహనరావు: ఉప్పు లేదు. కారమూ లేదు. గుంటూర్లో ఉండి ఇంత చప్పిడి పచ్చడి తినేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా.

అనసూయ: పచ్చడికేం రోగం రాలేదు. మీ నాలుక్కొచ్చింది. రోజుకో పెట్టె సిగరెట్లు తగలేస్తుంటే దానికి రుచి ఎక్కడ తెలుస్తుంది?

రామ్మోహనరావు: తినేటప్పుడు ఆ ఊసెందుకే?

అనసూయ: తినకముందూ తిన్నాకా మీరు అదే పనిలో ఉంటారు. మధ్యలో దొరికేది ఈ కాస్సేపే.

రామ్మోహనరావు: అసలు పొగాకు బోర్డు ఎక్కడుంది? మన గుంటూర్లో! పుట్టిన ఊరి పరువు నిలబెట్టొద్దూ?

అనసూయ: మిర్చి యార్డు కూడా ఇక్కడే ఉంది. రోజుకో బస్తా మిరపకాయలు నమిలి నిలబెట్టండి.

రామ్మోహనరావు: (దగ్గుతూ) చూడు, నీతో మాట్లాడితే పొలమారింది.

అనసూయ: పొలమారడమా! తెల్లవారుజామున మీ దగ్గు వినబడ్డాకే పాలబ్బాయి గేటు తీస్తాడు.

రామ్మోహనరావు: అది చలిగాలికి.

అనసూయ: రోహిణీ కార్తెలో, గుంటూర్లో, చలిగాలా? డాక్టరుగారు చెప్పేటప్పుడు ఏసీ చల్లదనానికి కునుకు తీశారు కాబోలు. ఊపిరి గొట్టాల్లో సన్నటి నూగు ఉంటుందట. దుమ్మునీ కఫాన్నీ చీపురులా పైకి ఊడుస్తూ ఉంటుంది. పొగ తగిలితే అది చచ్చుబడుతుంది. రాత్రి మీరు పడుకుంటే పొగ ఉండదు కదా, పాపం మళ్ళీ లేచి ఊడుస్తుంది. అదీ ఆ దగ్గు.

రామ్మోహనరావు: అయితే నా పనివాళ్ళది నైట్ డ్యూటీ అన్నమాట.

అనసూయ: ఆ! పొద్దున లేవగానే మొదటి సిగరెట్టుతో మీరే వాళ్ళని పడుకోబెడుతున్నారు.

రామ్మోహనరావు: నాకేం తక్కువే? గుండ్రాయిలా ఉన్నా.

అనసూయ: మొన్న మీ చెల్లెలింట్లో కరెంటు పోయి లిఫ్టు ఆగితే, మూడో అంతస్తుకి చేరేలోపు రెండుసార్లు కూర్చుంది ఎవరో?

రామ్మోహనరావు: అలిసిపోయి కాదు, గోడ మీద క్యాలెండరు చూద్దామని.

అనసూయ: మెట్ల దగ్గర క్యాలెండరెవరు తగిలిస్తారండీ! పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందట, బొగ్గుల కుంపట్లో వచ్చే విషవాయువే. నెత్తురు ఆక్సిజన్‌ని పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలేసినట్టు. ఇక ఆక్సిజన్ నిలబడి ప్రయాణం చెయ్యాల్సిందే.

(రుమాలు సంగతి డాక్టరు చెప్పింది కాదు. విజయవాడ బస్సెక్కే మనిషికి పుట్టిన మాట.)

రామ్మోహనరావు: మరి సిగరెట్టు లేకపోతే టెన్షన్ ఎలా తగ్గుతుంది?

అనసూయ: ఆ టెన్షన్ తెచ్చేదే నికోటిన్. పీల్చిన కొద్ది సెకన్లకే బుర్రకెక్కుతుంది, దిగగానే ఇంకోటి కావాలని పీకుతుంది. బిడ్డను గిల్లి ఉయ్యాల ఊపడమంటే ఇదే. పెట్టె మీద 85 శాతం ఆ పుళ్ళ బొమ్మే ఉంటుంది. మీ కళ్ళకి మిగతా 15 శాతమే కనబడుతుంది.

రామ్మోహనరావు: సరే, మూడు రోజులు మానేస్తా. అప్పుడూ పచ్చడి చప్పగా ఉంటే?

అనసూయ: జన్మలో సిగరెట్టు మాటెత్తను. ఆ పెట్టె ఇలా ఇవ్వండి. జేబులోది ఎలాగూ ఇస్తారు, దేవుడి గూట్లో వత్తుల డబ్బా వెనక దాచింది కూడా.

(మూడు రోజులు గడిచాయి. ఎలా గడిచాయో రాయను. ఆయన పిట్టగోడ మీది కాకితో కూడా పోట్లాడాడు. బుధవారం, అదే కంచం, అదే పచ్చడి.)

రామ్మోహనరావు: (లేచి నిలబడి) నీళ్ళు! నీళ్ళు! ఏమిటే ఇది, బాపట్ల వెళ్ళి సముద్రంలో నానబెట్టావా? చెవుల్లోంచి పొగలొస్తున్నాయి!

అనసూయ: హమ్మయ్య, ముక్కులోంచి కాదు కదా. రుచీ వాసనా త్వరగానే తెలియడం మొదలవుతుందని డాక్టరుగారు అన్నారు.

రామ్మోహనరావు: అసలిది మనుషులు తినేదేనా?

అనసూయ: పదేళ్ళుగా మీరు తింటున్నదే. చప్పగా ఉందని గొణిగినప్పుడల్లా ఇంత ఉప్పూ, ఇంత కారమూ కలుపుతూ వచ్చా.

రామ్మోహనరావు: మరి నువ్వెలా తింటున్నావు?

అనసూయ: నా జాడీ వేరు. బియ్యం డబ్బా వెనక ఉంటుంది.

రామ్మోహనరావు: పదేళ్ళు! కట్టుకున్న మొగుడికి తెలియకుండా జాడీ దాస్తావా?

అనసూయ: దేవుడి గూట్లో దాచలేదుగా.

రామ్మోహనరావు: (కాసేపు ఆగి) ...ఆ జాడీ ఇలా పట్రా. నెయ్యి కూడా.