పాడటం వచ్చు, మరి ప్రశ్న ఏది? సరిహద్దు నుంచి సంగీతశాస్త్ర దరఖాస్తు

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగిళ్లలో సంగీతం నేర్చిన పిల్లలు సంగీతశాస్త్రంలో పరిశోధనకు దరఖాస్తు పెడితే, తరచూ దెబ్బతినేది స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గరే, అంటే ఎందుకు, ఏం చదువుతానో చెప్పే వ్యాసం దగ్గరే. మొదటి పేరా చిన్ననాటి నుంచి సంగీతం మీదున్న ఇష్టం, రెండోది త్యాగరాజ భక్తి, మూడోది గెలిచిన బహుమతులు. గాత్రంలో సీటుకైతే ఆ లోటును ప్రాక్టికల్ పరీక్ష పూడుస్తుంది. సంగీతశాస్త్రంలో గొంతు బాగుంటే సంతోషమే, సీటు మాత్రం ప్రశ్నకు వస్తుంది. ఏం తేల్చాలనుకుంటున్నావు, దేన్ని ఆధారం చేసుకుంటావు, ఆ ఆధారాన్ని చదవడం నీకు వచ్చా? ప్రవేశాల కమిటీ వెతికేది ఇదే.

ఆధారాన్ని చదవడం వచ్చా అన్న ఆ మూడో ప్రశ్నకు సరిహద్దు పిల్లలు చెప్పగల జవాబు పెద్ద నగరాల్లో అరుదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’, కర్ణాటక కృతులను స్వరాలతో సహా ఇచ్చిన పుస్తకం, తెలుగు లిపిలో ఉంది. ఒడిశా శాస్త్రీయ సంగీతమైన ఒడిస్సీ గాయకులు నేటికీ పాడుకునే గోపాలకృష్ణ పట్నాయక్ పదాలు పర్లాకిమిడిలో పుట్టినవి. ఒడిస్సీలో సావేరి, ముఖారి, ఆనందభైరవి అన్న పేర్లు వినిపిస్తాయి. అదే పేరున్న కర్ణాటక రాగంతో అవి ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి? గంజాం ప్రహ్లాద నాటకంలో ముఖవీణ అనే ఊదే వాద్యం ఏ స్వరాల మీద నిలుస్తుంది? రెండు లిపులూ చదవగలిగి, రెండు పాటలూ చెవిన పడి పెరిగినవాళ్లు వేయాల్సిన ప్రశ్నలివి. వేయరు. ఇంటి పక్క పాట పరిశోధనకు తగదన్న చిన్నచూపు మన సంగీత పాఠాల్లోనే ఉంది.

అయితే రెండు లిపులూ వచ్చన్న మాట అందరి విషయంలో నిజం కాదు. ఒడియా మీడియంలో చదివి, కీర్తనల సాహిత్యాన్ని ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్లున్నారు. ఒడియా లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు. మెడ, మేడ ఒకేలా పడతాయి. పాడేటప్పుడు గురువు నోటి వెంట వచ్చిన ఉచ్చారణ కాపాడుతుంది. పరిశోధన వ్యాసంలో యతి గురించో, పదానికి తాళంలో పడే చోటు గురించో రాసేటప్పుడు ఆ నోటుపుస్తకం మోసం చేస్తుంది. గురులఘువులే తారుమారవుతాయి. రోజుకో గంట చొప్పున రెండు నెలలు తెలుగు లిపి దిద్దుకుంటే తీరే లోటు ఇది, దరఖాస్తు గడువుకు ముందే తీర్చుకోవాలి.

ప్రదర్శిని తెరిచాక మరో చిక్కు. 22వ మేళం, అంటే 22వ జనక రాగం, అనగానే మనకు ఖరహరప్రియ గుర్తొస్తుంది, అక్కడ కనిపించేది శ్రీరాగం. 28 అంటే హరికాంభోజి అనుకుంటాం, అక్కడ హరికేదారగౌళ. పుస్తకం నడిచేది వేంకటమఖి సంప్రదాయపు రాగాంగ పద్ధతిలో, అంటే మేళాలకు వేరే పేర్లున్న పాత వర్గీకరణలో. సంఖ్య ఒకటే కదా అని పేర్లు మార్చేసి పట్టిక తయారుచేస్తే మొదటి పేజీలోనే పట్టుబడతారు. స్వరాల మీద కంపితం, స్ఫురితం, నొక్కు, రవ లాంటి గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, నొక్కి పలికే తీరులకు, వేర్వేరు గుర్తులున్నాయి. వాటిని వదిలేసి స్వరాక్షరాలు మాత్రమే ఎత్తి రాయడం ఇంకో మామూలు పొరపాటు. ఆ గుర్తులే ఆ పుస్తకం విలువ.

విదేశీ పీహెచ్‌డీలకు సాధారణంగా 15 నుంచి 25 పేజీల రచన నమూనా అడుగుతారు. ఎమ్మే డిసర్టేషన్‌లో ఒక అధ్యాయం కోసి పంపితే పనికిరాదు, దానికి తలా తోకా ఉండవు. ఒకే పాట తీసుకుని ముగ్గురు పాడిన తీరు పోల్చడం మేలు. ఒక్కొక్కరిది రెండు మూడు నిమిషాలు విని స్వరాల్లో రాస్తే చాలు. సోనిక్ విజువలైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, స్వరం ఎక్కి దిగే తీరును గీతగా చూపిస్తుంది. ముందు గాయకుడి శ్రుతి ఎంతో తేల్చి, ఆధార షడ్జాన్ని (‘స’ను) అక్కడ పెట్టుకోవాలి. లేకపోతే తెర మీద కనిపించేవి 440 హెర్ట్జ్ లెక్కన పాశ్చాత్య స్వరాల పేర్లు, వాటికీ మన స్వరస్థానాలకూ పొంతన కుదరదు.

రికార్డింగ్ దగ్గర ఫోన్‌ను నమ్మకూడదు. చాలా ఫోన్లు చుట్టుపక్కల రొదతో పాటు సన్నని శ్రుతినీ తుడిచేస్తాయి, ఒడిస్సీ మద్దెల అయిన మర్దల దెబ్బ పడగానే గొంతును అణిచేస్తాయి. చిన్న రికార్డర్ అరువు తెచ్చుకోవాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, మొదటి 20 సెకన్లు శ్రుతి మాత్రమే. పాడినవారి అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, ఫైలును వాట్సాప్‌లో ఆడియోగా పంపుకోకూడదు, అక్కడ అది కుదించుకుపోవచ్చు.

దేశంలో దారి యూజీసీ నెట్, అంటే జాతీయ అర్హత పరీక్ష. 2024 జూన్ నుంచి ఫలితాలు మూడు కేటగిరీల్లో వస్తున్నాయి. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) రానివారికి పీహెచ్‌డీ ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ, ఆ మార్కులు ఏడాదే చెల్లుతాయి. జేఆర్‌ఎఫ్‌కు సాధారణ వయోపరిమితి 30. సంగీతం సబ్జెక్టులో హిందుస్తానీ, కర్ణాటక, రవీంద్ర సంగీతం, తాళవాద్యాలు విడి విభాగాలు, ఒడిస్సీకి ఆ చోటు లేదు. ఇది అన్యాయమే. కానీ పరీక్ష రాసేవాళ్లు ఆ వాదన గెలిచేదాకా ఆగలేరు కాబట్టి కర్ణాటకమో హిందుస్తానీయో ముందే తేల్చుకోవాలి.

కాగితాల దగ్గర భ్రమలు మరీ ఎక్కువ. ఇంటి భాష తెలుగైనంత మాత్రాన ఆంధ్ర, తెలంగాణల్లో లోకల్ కారు. స్థానికులెవరో తేల్చే రాజ్యాంగంలోని 371-డి లెక్క చదివిన చోటుది, నివాసానిది. ఆంధ్రలో బీసీ జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండాలనీ లేదు. కేంద్ర సంస్థల్లో ఓబీసీ కోటాకు ఒడిశా పేరిట ఉన్న కేంద్ర జాబితానే చూస్తారు. ఒడిశా బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర, సంగీత పరీక్షల సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ముందు ఉంటే అఫిడవిట్ తప్పదు.

ఎస్సీ విద్యార్థులు విదేశాల్లో చదివేందుకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నుంచి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర అంశాలను 2022 మార్గదర్శకాలు తప్పించాయి. డప్పు కొట్టే ఇంటి పిల్లవాడు ఆ డప్పు మీదే విదేశంలో పరిశోధన చేస్తానంటే ఆ నిబంధన అడ్డొస్తుంది. మన దేశంలోనే చదవొచ్చు కదా అన్నది సర్కారు వాదన. డబ్బున్న ఇంటి పిల్లలకు మాత్రం ఆ మాట ఎవరూ చెప్పరు.

సిఫారసు లేఖలు సాధారణంగా మూడు. అమెరికా గడువులు చాలావరకు డిసెంబరు, జనవరిలో ముగుస్తాయి కాబట్టి అక్టోబరులోనే అడగాలి. అడిగేటప్పుడు ప్రశ్నను ఒక పేజీలో రాసి చేతిలో పెట్టాలి. లేకుంటే "వినయశీలి, క్రమశిక్షణ గలవాడు" అన్న లేఖే వస్తుంది. గురువుగారి లేఖ నాలుగోదిగా ఉండనివ్వండి. తెలుగులోనో ఒడియాలోనో రాసినా ఇంగ్లిషు అనువాదం జతచేయొచ్చు, కాకపోతే ఆ విద్యార్థి చెవి ఎలాంటిదో, ఏ ప్రయోగాన్ని ఎలా పట్టుకున్నాడో అందులో ఉండాలి. ప్రొఫెసర్లకు వర్సిటీ పోర్టల్ నుంచి వచ్చే లింకు తరచూ స్పామ్‌లో పడుతుంది. పంపిన రోజే ఫోన్ చేసి, "సార్, ఒకసారి స్పామ్ కూడా చూడండి" అని చెప్పాలి.