సున్నా ఫిర్యాదులు సాధించిన ఆఫీసుకు సన్మానం

మా యాజమాన్యాలు ఏటా సాధిస్తున్న ఒక ఘనతకు రావాల్సినంత పేరు రావట్లేదని నా బాధ. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల్ని అడ్డుకోవడానికి తెచ్చిన పోష్ చట్టం ప్రకారం ఆ ఏడాది ఎన్ని లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయో వార్షిక నివేదికలో రాయాలి కదా, అక్కడ మేం గర్వంగా వేసే అంకె సున్నా. వందలమంది పనిచేసే చోట, ఏళ్ల తరబడి, ఒక్కటంటే ఒక్కటి లేదు! ఊరికే రాదండీ ఆ సున్నా.

పది మంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా ఈ ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలని 2013లో చట్టం వచ్చింది, మాకూ ఉంది. సీనియర్ ఉద్యోగిని అధ్యక్షురాలు కావాలన్నారు, అయ్యారు. ఆ సంగతి ఆవిడకు ఆడిట్ వాళ్లొచ్చినప్పుడు తెలిసింది. కమిటీ వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలన్నారని పోస్టర్ కూడా వేశాం, జిరాక్స్ మెషీన్ వెనక గోడకి. కింది మూల చిరిగింది, మిగిలిన ఫోన్ నంబరు ఎప్పుడో ఉద్యోగం మానేసినావిడది.

ఇంత చేసినా ఎవరో ఒకమ్మాయి వస్తుంది. అసలు పనితనం ఇక్కడే ఉంది. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి కాబట్టి, "తొందరేముందమ్మా, బాగా ఆలోచించుకో, ఆయనకి పిల్లలున్నారు, నీకా ఇంకా పెళ్లి కాలేదు" అని టీ తాగించి పంపాలి. అలా నాలుగైదు టీలయ్యేసరికి గడువు దాటిపోతుంది. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చని కూడా చట్టంలో ఉంది, కానీ అడగనిదే అమ్మయినా పెట్టదు, మేం పెడతామా?

రాజీ ఆమె కోరితేనే చేయాలట. మాకంత పట్టింపు లేదు, కోరకపోయినా చేసేస్తాం. విచారణ నడుస్తుండగా ఆమె రాసి ఇస్తే ఇద్దరిలో ఎవరినైనా బదిలీ చేయమని కమిటీ సిఫార్సు చేయొచ్చు. ఎవర్ని చేస్తామో చెప్పాలా? ఆయన ప్రాజెక్టు మధ్యలో ఉన్నాడు పాపం. ట్రైనింగ్‌లో మాత్రం తప్పుడు ఫిర్యాదుకు చర్య తప్పదన్న వాక్యం స్క్రీన్ నిండా చూపిస్తాం, నిరూపించలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి లంచ్ టైమ్ అయిపోతుంది.

2023లో సుప్రీంకోర్టు ఈ చట్టం అమలులో తీవ్రమైన లోపాలున్నాయని తప్పుబట్టింది. అన్యాయం కాదూ? 1992లో రాజస్థాన్‌లో తన పనిలో భాగంగా బాల్యవివాహం ఆపబోయిన భన్వరీ దేవిపై సామూహిక అత్యాచారం జరిగితే, పనిచేసే చోట వేధింపులపై సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు 1997లో వచ్చాయి, వాటిని చట్టం చేయడానికి ఇంకో 16 ఏళ్లు పట్టింది. దేశమే అంత తీరిగ్గా నడిస్తే టెన్షన్ మొత్తం మాకేనా? కమిటీయే పెట్టకపోతే మొదటిసారి 50,000 రూపాయల దాకా జరిమానా అంటారా, ఉమెన్స్ డే బెలూన్లకీ కేకులకీ పెట్టట్లేదా ఏంటి.

పది మంది లేని షాపుల్లో, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. దాని అడ్రస్ వెతుక్కోవడం వాళ్ల తిప్పలు.

ఫిర్యాదు చేయడానికొచ్చిన ఆ అమ్మాయి సంగతంటారా, కొన్నాళ్లకి రాజీనామా ఇస్తుంది, కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని రాస్తుంది, హెచ్ఆర్ వాళ్లు ఆల్ ది బెస్ట్ చెప్పి ఐడీ కార్డు తీసుకుంటారు. ఇలా వెళ్లిపోయినవాళ్ల లెక్క నివేదికలో చూపించమని ఆ చట్టం ఎక్కడా అడగలేదు, నేను రెండుసార్లు చదివి చూసుకున్నా.