వద్దన్న పైలట్‌కు పతకం ఏది?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మొన్న బండి రిపేరుకిచ్చాను. పనైపోయినా మెకానిక్ తాళం చేతిలో పెట్టలేదు. ఒక రౌండు వేసొస్తానన్నాడు. ఖాళీ రోడ్డు మీద హ్యాండిల్ నుంచి చేతులు కాస్త లేపి, బండి ఎటు లాగుతోందో చూశాడు. ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా పట్టాడు. తిరిగొచ్చి, ‘ఇయ్యాల వద్దు సార్, రేపు తీస్కపోండి’ అన్నాడు. చిరాకేసింది.

కొత్త విమానాన్ని నడిపి పరీక్షించే టెస్ట్ పైలట్ చేసేదీ ఇదే. కాకపోతే ఆయనకు పక్కకు తీసి ఆపుకునే వీలుండదు.

ఈ పనికి పేరున్న గౌరవం కించెలో అవార్డు. అమెరికాలోని ప్రయోగాత్మక టెస్ట్ పైలట్ల సంఘం 1958 నుంచి ఇస్తోంది. ఐవెన్ కించెలో 1956లో ఎక్స్-2 రాకెట్ విమానంలో 1,26,200 అడుగుల ఎత్తుకు వెళ్లాడు. రెండేళ్లకే, ముప్పయ్యో ఏట, ఎఫ్-104 యుద్ధవిమానం టేకాఫ్ కాగానే ఇంజిన్ ఆగిపోయింది. అందులో ప్రమాద సమయంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు కిందివైపు ఎగిరిపడేది. అందుకే విమానాన్ని తలకిందులు చేసి దూకాడు, ఎత్తు చాలలేదు. మన టెస్ట్ పైలట్ సురంజన్ దాస్ కూడా 1970లో మన దేశంలోనే తయారైన మారుత్ యుద్ధవిమానాన్ని పరీక్షిస్తూనే పోయారు. పద్మభూషణ్ ఆ తర్వాత వచ్చింది.

ఈ త్యాగాలను తక్కువ చేయడం లేదు. కానీ రికార్డూ, ప్రమాదమూ తప్ప మన కంటికి ఏదీ ఆనదు. మన జిల్లానే చూడండి. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ చనిపోతేనే విమానం ఇక్కడ వార్తయింది. క్షేమంగా దిగినవాటిని ఎవరు రాస్తారు?

అసలు పరీక్ష చాలా బోరు కొట్టే పని. వేగం కాస్త పెంచాలి, ఆగాలి. రెక్కల వణుకు ఎంతుందో కింద గదిలో ఇంజినీర్లు చూసి సరే అన్నాకే మరికాస్త. తేడా కనిపిస్తే ఆ రోజుకి అంతే, వెనక్కి రావాలి. మన యుద్ధవిమానం తేజస్ తొలిసారి 2001 జనవరి 4న ఎగిరింది. పూర్తిస్థాయి క్లియరెన్స్ 2019లో వచ్చింది. ఆలస్యమని అందరం తిట్టాం, నేనూ తిట్టాను. 2024 మార్చి దాకా ఒక్క తేజస్ కూడా కూలలేదన్నది ఆ తిట్లలో ఎక్కడా లేదు. ఇంకా సిద్ధం కాలేదని రిపోర్టు రాసిచ్చిన పైలట్‌కు దండ వేసే సభ నేనైతే చూడలేదు.

మర్నాడు బండి తెచ్చుకున్నాను. బిల్లులో బ్రేకు షూలున్నాయి, కేబుల్ ఉంది. ఆ రౌండుకు మాత్రం అతను ఏమీ వేసుకోలేదు.