మెయింటెనెన్స్ అడగని మెయింటెయినర్

విశాఖ ఎంవీపీ కాలనీలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి ఆరేళ్లుగా సెక్రటరీని. మెయింటెనెన్స్ అనే మాట గురించి మాట్లాడే అర్హత ఈ ఊళ్లో నాకంటే ఎవరికీ ఎక్కువ లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. నెలకి ఫ్లాటుకి 2,500. ఐదో తారీఖులోపు కట్టాలి. కట్టనివాళ్లు లిఫ్టులో నన్ను చూడగానే ఫోన్ చెవికి ఆనించుకుని ఎవరితోనో గట్టిగా మాట్లాడతారు. మా లిఫ్టులో సిగ్నల్ రాదు. అది వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

అలాంటి నాకు ఓ రోజు పొద్దున్నే వాచ్‌మన్ ఒక రిపోర్టు ఇచ్చాడు. "402లో బాబు గది లైటు తెల్లార్లూ ఎలుగుతానే ఉంటాది సారూ. ఏటి సేస్తన్నాడో ఏటో. ఓపాలి కనుక్కోండి." కామన్ కరెంటు వాడటం లేదు కాబట్టి అది నా పరిధిలోకి రాదు. అయినా వెళ్లాను. సెక్రటరీ అన్నాక పరిధి చూసుకుంటూ కూర్చోడు.

కుర్రాడు పగలు రుషికొండ మీద ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడట. రాత్రిళ్లు మాత్రం ఒక ఓపెన్ సోర్స్ క్రిప్టో లైబ్రరీకి మెయింటెయినర్‌ని, అంటే అందరూ తమ ప్రోగ్రాముల్లో వాడుకునే ఒక కోడ్ కట్ట బాగోగులు చూసేవాణ్ని, అన్నాడు. "క్రిప్టో అంటే బిట్‌కాయినా బాబూ?" అన్నాను, మా తోడల్లుడు గుర్తొచ్చి. "కాదంకుల్, తాళాలు" అన్నాడు. బ్యాంకు సైటు తెరిచినప్పుడు కనిపించే తాళం బొమ్మ ఉంది చూశారా, దాని వెనక ఉండే తాళాలు. మన మాటని ఎవరికీ అర్థం కాని చెత్తగా మార్చి పంపి, అవతలివాళ్ల దగ్గర మళ్లీ మాటగా మార్చే లెక్కలు. మనం రోజూ వాడే బ్రౌజర్లూ వాటికి జవాబిచ్చే సర్వర్లూ ఎక్కువ భాగం ఇలాంటి ఉచిత లైబ్రరీల మీదే నడుస్తాయట. కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా పట్టుకెళ్లొచ్చు.

"మరి నెలకి ఎంత వసూలు చేస్తారు?"

"ఏమీ లేదంకుల్."

నేను సోఫాలో కూర్చున్నాను. కూర్చోమని అతను అనలేదు, కాళ్లు వాటంతట అవే కూర్చున్నాయి. ప్రపంచం మొత్తం కాపురం ఉంటున్న బిల్డింగు. మెయింటెనెన్స్ లేదు, జనరల్ బాడీ లేదు, నోటీసు బోర్డు మీద బాకీదారుల పేర్లు లేవు. ఆరేళ్ల నా సర్వీసు ఆ క్షణంలో వృథా అనిపించింది. ఆ రోజు నుంచి ఈ విషయం మీద అధ్యయనం మొదలుపెట్టాను. బీచ్ రోడ్డు మీద సాయంత్రం నడకలో కుర్రాణ్ని పక్కన పెట్టుకుని, మూరీ మిక్చర్ ఇప్పించి, విషయాలు లాగాను. అధ్యయనానికి నేను పెట్టిన ఖర్చు అదే. ఆ లైబ్రరీకి ఇప్పటిదాకా వచ్చిన విరాళాల్లో అదే పెద్దదేమో.

ఇతను ఒక్కడే ఇలా అనుకోకండి. ఈ రంగంలో పెద్ద పేరు ఓపెన్ఎస్ఎస్ఎల్, అదీ ఇలాంటి తాళాల లైబ్రరీయే. 2014 దాకా ఇంటర్నెట్‌లో పెద్ద భాగం దాని భుజాన ఉంటే, దాన్ని చూసుకునే సంస్థకి విరాళాల రూపంలో ఏడాదికి వచ్చేది 2,000 డాలర్ల దరిదాపుల్లో. పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. అప్పటి రేటు ప్రకారం లక్షా ఇరవై వేలు అనుకోండి. అంటే మా 24 ఫ్లాట్లు రెండు నెలలు కట్టే డబ్బు. మా డబ్బుతో మేం ఒక లిఫ్టు, ఒక మోటారు, ఒక వాచ్‌మన్‌ని పోషిస్తున్నాం. అయినా మోటారు నెలకోసారి కాలుతుంది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. సింహాచలం కొండ మీద చెప్పుల స్టాండు ఊహించుకోండి. ఒకడొచ్చి ఒక్క జత ఇచ్చి, తర్వాత వచ్చి "నావి 64 వేల జతలు" అంటాడు. స్టాండువాడు లెక్క చూడకుండా, అతని జతతో మొదలుపెట్టి పక్కనున్న భక్తులవన్నీ వరసగా తీసి ఇస్తాడు. అచ్చంగా అంతే. "బతికే ఉన్నావా? ఉంటే నేను పంపిన మాట తిరిగి పంపు" అని అడిగే ఒక సదుపాయంలో, పంపిన మాట పొడవెంతో సరిచూసుకునే చిన్న తనిఖీ లేదు. అడిగినప్పుడల్లా 64 కిలోబైట్ల దాకా సర్వర్ జ్ఞాపకంలో ఉన్నది ఉన్నట్టు బయటికి వచ్చేది, పాస్‌వర్డులు, తాళంచెవులతో సహా. ఇంకా ఘోరం ఏమిటంటే చెప్పులు ఎక్కడివక్కడే ఉంటాయి, నకలు మాత్రమే పోతుంది. కాబట్టి పోయినట్టు కూడా తెలియదు. ఆ కోడ్ చేరింది 2011 డిసెంబర్ 31 రాత్రి. మిగతా లోకం కేకు కోస్తోంది.

అదే 2014 అక్టోబర్ 12న మన ఊరికి హుద్‌హుద్ వచ్చింది. మా టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు ఎగిరి పక్క వీధిలో పడ్డాకే "స్పెషల్ కలెక్షన్" అనే తీర్మానం ఏకగ్రీవమైంది. అంతకు ముందు రెండేళ్లు ట్యాంకుకి ఇనపబద్దీ వేయించాలని అడిగిన పెద్దమనిషిని మీటింగులో నవ్వి కూర్చోబెట్టాం. హార్ట్‌బ్లీడ్ తర్వాత పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఉచిత సాఫ్ట్‌వేర్‌ని పోషించే లైనక్స్ ఫౌండేషన్ దగ్గర చేరి అలాగే స్పెషల్ కలెక్షన్ చేశాయి. ఎంతైనా మనుషులం, అమెరికా అయినా అసీల్‌మెట్ట అయినా పద్ధతి ఒకటే.

ఇక టెస్టింగు. మన ఊళ్లో కొత్త బండి కొంటే సంపత్ వినాయకుడి గుడి ముందు ఆపి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొడితే టెస్టింగు అయిపోయినట్టే. తాళాల లైబ్రరీకి ఇది చాలదా అని అడిగాను. అతను కోప్పడలేదు, కానీ మిక్చర్ తినడం ఆపేశాడు.

సమస్య ఎక్కడుందంటే, మామూలు సాఫ్ట్‌వేర్ చెడిపోతే కనబడుతుంది. జీతం లెక్క తప్పితే నెల తిరక్కుండా గొడవ. తాళం చెడిపోతే కనబడదు. సరిగ్గా చేసిన రహస్యం చెత్తలా ఉంటుంది, తప్పుగా చేసినదీ చెత్తలాగే ఉంటుంది. అప్పన్న స్వామి ఏడాదంతా చందనంలోనే దర్శనమిస్తాడు, నిజరూపం చూడాలంటే అక్షయ తృతీయ దాకా ఆగాలి. ఈ కోడ్‌కి చందనం కూడా అడ్డు లేదు. అందరికీ ఏడాది పొడుగునా నిజరూప దర్శనమే. టికెట్టు లేదు, క్యూ లేదు. అందుకేనేమో ఎవరూ రారు.

డెబియన్ అనే లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2006లో ఒక మహానుభావుడు వాల్‌గ్రైండ్ అనే తనిఖీ పనిముట్టు సణుగుతోందని ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో రెండు లైన్లు తీసేశాడు. సణుగుడు ఆగింది. దాంతోపాటు తాళంచెవి తయారీలో కలవాల్సిన యాదృచ్ఛికత కూడా ఆగింది. మిగిలింది, నడిచే ప్రతి ప్రోగ్రాంకి కంప్యూటర్ ఇచ్చే ప్రాసెస్ నంబర్ ఒక్కటే. అంటే ఒక్కో రకం తాళానికి 32,768 చెవులు మాత్రమే. అందరికీ వేరువేరు తాళాలని చెప్పి ఊరంతటికీ అవే తిప్పి తిప్పి ఇచ్చినట్టు. 2008 మే దాకా ఎవరూ గమనించలేదు. తాళాలు చక్కగా పడుతున్నాయి, చక్కగా తీస్తున్నాయి. ఎవరు ఫిర్యాదు చేస్తారు? మా బిల్డింగులో ఫైర్ సిలిండర్ల మీద కూడా ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు.

అందుకని వీళ్లు ముందే జవాబు తెలిసిన లెక్కలు పెట్టుకుంటారు. ఫలానా మాట, ఫలానా తాళంచెవి ఇస్తే ఫలానా చెత్తే రావాలి, ఒక్క బిట్టు తేడా రాకూడదు. చాచా20 అనే పద్ధతికి అధికారిక పత్రంలో ఇచ్చిన నమూనా సందేశం ఏమిటో తెలుసా? ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాసుకోమనే సలహా. 114 బైట్లు. మే నెలలో ఆర్కే బీచ్‌లో మధ్యాహ్నం పన్నెండుకి నిలబడి చెబుతున్నాను, ఈ రంగంలో నాకు ఒక్కసారికే అర్థమైన వాక్యం అదే. ఇంకొకటి వైచ్‌ప్రూఫ్. కావాలని వంకరగా తయారుచేసిన లెక్కలిచ్చి లైబ్రరీ తడబడుతుందేమో చూసే టెస్టుల కట్ట, 2016లో గూగుల్ ఇంజనీర్లు విడుదల చేశారు. ఆ పేరు ఆస్ట్రేలియాలో ప్రపంచంలోకెల్లా చిన్న పర్వతమని చెప్పుకునే కొండది. చుట్టూ నేల నుంచి 43 మీటర్లు. ఎక్కగలిగే లక్ష్యం పెట్టుకోవాలని ఆ పేరట. మన కైలాసగిరి ఎక్కడానికి రోప్‌వే వేసుకున్న జాతి మనది. ఈ వినయం మనకి అర్థం కాదు.

నన్ను నిజంగా ఆకట్టుకున్నది మాత్రం సమయం సంగతి. గేటు దగ్గర రహస్యపు మాట చెబితేనే లోపలికి అని పెట్టామనుకోండి. మొదటి అక్షరం తప్పితే మా వాచ్‌మన్ వెంటనే "ఎల్లండెల్లండి" అంటాడు. మూడు అక్షరాలు సరిపోయి నాలుగోది తప్పితే కాస్త ఆగి అంటాడు. ఆ కాస్త ఆగడం చాలు, దొంగ చేతిగడియారం పెట్టుకుని ఒక్కో అక్షరం కూపీ లాగేస్తాడు. కంప్యూటర్ల విషయంలో ఇది కుదురుతుందని పాల్ కోచర్ అనే తాళాల నిపుణుడు 1996లోనే చూపించాడు. విరుగుడు ఏమిటంటే, మొదటి అక్షరమే తప్పని తెలిసినా చివరి అక్షరం దాకా వినాలి, ముఖంలో ఏమీ కనిపించకూడదు, అందరికీ ఒకే సమయం తీసుకోవాలి. ఇందులో కొత్తేముంది? జనరల్ బాడీ మీటింగుల్లో నేను ఆరేళ్లుగా చేస్తున్నది అదే.

ఇది సరిగ్గా జరుగుతోందో లేదో కనిపెట్టడానికి 2010లో ఒక ఉపాయం వచ్చింది. రహస్యాన్ని "ఇంకా విలువ పెట్టని జ్ఞాపకం" అని అబద్ధం చెప్పి వాల్‌గ్రైండ్‌కి అప్పగిస్తారు. కోడ్ ఆ రహస్యాన్ని చూసి దారి మార్చిందంటే అది అరుస్తుంది. అవును, డెబియన్‌లో సణిగిన ఆ వాల్‌గ్రైండే. అత్తగారి సణుగుడు కూడా ఒక్కోసారి ఇలాగే పనికొస్తుందని నా అనుభవం, ఈ వాక్యం మా ఇంట్లో చదవరని ధైర్యం.

ఇంత చేసినా మధ్యలో, రాసిన కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఉంటాడు. పని అయ్యాక తాళంచెవిని జ్ఞాపకం నుంచి తుడిచేయమని రాస్తే, "తర్వాత ఎవరూ చదవని చోటుని తుడవడం దండగ" అని ఆ లైన్ ఎత్తేస్తాడు. ఎవరూ రారు కదా అని మా స్వీపర్ టెర్రస్ ఊడవదు. ఇద్దరినీ ఏమీ అనలేం. తెలివైన పనివాళ్లు.

ఇక ఉత్తరాలు. 2022 జనవరిలో కర్ల్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకునే డేనియల్ స్టెన్‌బర్గ్‌కి ఒక పెద్ద కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. లాగ్4జె అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపం వల్ల మీ సాఫ్ట్‌వేర్‌కి ఏమైంది, 24 గంటల్లో జవాబివ్వండి అని. కర్ల్‌కీ లాగ్4జెకీ సంబంధమే లేదు. ఆ కంపెనీ ఆయన కస్టమరూ కాదు. సపోర్ట్ కాంట్రాక్టు తీసుకుంటే సంతోషంగా చెబుతానన్నాడు ఆయన. పై ఫ్లాటులో అద్దెకున్నవాళ్ల చుట్టాలు రాత్రి పదకొండుకి నా తలుపు కొట్టి నీళ్లు రావట్లేదని నిలదీయడం నాకు కొత్త కాదు కానీ, నేను కాంట్రాక్టు అడగాలని ఎప్పుడూ తోచలేదు. మా కుర్రాడికైతే ఈ మధ్య చాట్‌బాట్లతో రాయించిన బగ్ రిపోర్టులు వస్తున్నాయట. లైబ్రరీలో లేని ఫంక్షన్‌లో ఉన్న ప్రమాదకరమైన లోపం గురించి, ఎంతో మర్యాదగా, ఆరు పేరాల్లో. లేని దాన్ని లేదని నిరూపించడానికి ఒక రాత్రి పడుతుంది.

సాయం చేస్తామనేవాళ్లు మాత్రం ఇంకా ప్రమాదం. ఎక్స్‌జడ్ అనే కంప్రెషన్ లైబ్రరీని చూసుకునే మనిషి అలిసిపోయి ఉంటే, పని తొందరగా జరగడం లేదని కొందరు ఒత్తిడి పెట్టారు. అదే సమయంలో ఓపికగల సహాయకుడొకడు రెండేళ్ల పైగా చక్కగా పనిచేసి నమ్మకం సంపాదించాడు. తర్వాత దొంగతలుపు పెట్టాడు. ఎక్కడ దాచాడు? టెస్టు ఫైళ్లలో. చెడిపోయిన ఫైలు ఇస్తే ఏమవుతుందో చూడటానికి కావాలని పెట్టే ఫైళ్లని ఎవరు తెరిచి చూస్తారు? 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తన మిషన్‌లో లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే బయటపడింది. ఈ కథ విన్న రోజు నుంచి, "మీకెందుకంకుల్ శ్రమ, అకౌంట్లు నేను చూస్తాను" అని మర్యాదగా అడిగే 103 ఆయన్ని నేను వేరే కంటితో చూస్తున్నాను.

ఇంత అధ్యయనం తర్వాత నా అభిప్రాయం స్థిరపడింది. ఈ కుర్రాళ్లకి జీతం ఇవ్వకూడదు. ఇస్తే సెలవు అడుగుతారు. రెండో మనిషిని పెట్టమంటారు. మొన్నటి జనరల్ బాడీలో ఈ పద్ధతినే మా లిఫ్టుకి అన్వయించాలని తీర్మానం కూడా ప్రవేశపెట్టాను. ఏఎంసీ, అంటే ఏడాది మరమ్మతుల కాంట్రాక్టు, రద్దు చేసి, లిఫ్టు తలుపు మీద ఆ లైబ్రరీల లైసెన్సులో ఉండే మాటే రాయిద్దామన్నాను: "ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడుతోంది. ఏ హామీ లేదు. ఏ నష్టానికీ బాధ్యత లేదు." లిఫ్టు మెకానిజం డ్రాయింగులు నోటీసు బోర్డు మీద పెడతాం, 24 ఫ్లాట్లవాళ్లూ తీరిగ్గా చూసి తప్పులు పట్టొచ్చు. ఇన్ని కళ్లు చూస్తుండగా ఏ తీగ తెగుతుంది?

ఫోన్లో బ్యాంకు తాళం గురించి ఒక్కనాడూ అడగని మనుషులు, లిఫ్టు అనేసరికి అందరూ ఒకేసారి లేచారు. పిల్లలున్న ఇళ్లండీ, అన్నారు. తీర్మానం వీగిపోయింది. ఏఎంసీ మరో ఏడాదికి పొడిగించాం.

ఆ రాత్రి రసీదు పుస్తకం పట్టుకుని 402కి వెళ్లాను, రెండు నెలల బాకీ ఉంది మరి. తలుపు తీసే ఉంది. స్క్రీన్ మీద పచ్చటి టిక్కులు వరసగా, మధ్యలో ఒకటి ఎర్రగా. ఏదో పాతరకం ప్రాసెసర్ మీద టెస్టు ఫెయిలవుతోందట. "అది ఎవరైనా వాడుతున్నారా బాబూ?" అంటే "తెలీదంకుల్, ఎవరో ఒకరు వాడతారు కదా" అన్నాడు. బాకీ మాట ఎత్తగానే నొచ్చుకుని, ఫోన్ తీసి 5,000 కొట్టాడు. గుండ్రటి చక్రం కాసేపు తిరిగింది, తర్వాత టింగుమంది. అతను ఫోన్ వంక అనుమానంగా చూశాడు.

"అర సెకను ఎక్కువ పట్టింది" అని గొణిగి ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగాడు.

"లేటు ఫీజు ఇంకో వంద" అన్నాను. విన్నట్టు లేడు.